తమ్ముడి మొదటి వీటో

402వ రోజు, శనివారం

సభలో జరిగిందంతా రాసిపెట్టే పుస్తకం ఒకటుంది. అది ఉండి తీరాలని రాజ్యాంగంలోనే ఉంది, అందులో రాసేది నేనే. ఎవరు ఏ బిల్లు పెట్టారు, ఎన్ని ఓట్లొచ్చాయి, అంతవరకే. కార్యదర్శి మాణిక్యాంబకి ఒళ్ళు మండిందనో, ఏడుపొచ్చిందనో అందులో రాయడానికి వీల్లేదు. ఏడేళ్ళుగా మింగుకుంటున్నాను. ఇవాళ్టినుంచి ఇంకో పుస్తకం పెట్టాను. ఇది నాది. రోజుల లెక్క ఇక్కడి ఏడాదిది, ఆరొందల అరవై ఎనిమిది రోజులు; వయసులూ ఏళ్ళూ మాత్రం భూమి లెక్కే.

ఇవాళ పొద్దున చిన్న సభలోనూ, మధ్యాహ్నం పెద్ద సభలోనూ నూట నలభై మూడో చట్టం పాసయింది. తూర్పు గట్టు మీద ఎండతో కరెంటు పుట్టించే పలకలకి పట్టిన ఎర్రదుమ్ము వారానికి రెండుసార్లు చేత్తో తుడవాలట. తుడిచే యంత్రం చెడిపోయి నెల దాటింది. దాని భాగం భూమినుంచి రావాలంటే ఇంకో ఏడాదిన్నర పడుతుంది. తుడవకపోతే కరెంటు తగ్గుతుంది, నేను కాదనను. కాని తుడిచేదెవరు? ప్రెసిడెంటు. అంటే మా తమ్ముడు సన్యాసిరావు. వాడికి యాభై ఏడు దాటాయి.

ప్రెసిడెంటే ఎందుకు తుడవాలంటే, మొదట్నుంచీ అంతే. ఈ ఎర్రమెరక ఊరు పెట్టిననాడు ఉన్నది పదకొండుమంది. వాళ్ళలో ఒక బడిపంతులు అమెరికా ప్రభుత్వం ఎలా నడుస్తుందో చెప్పే పాఠ్యపుస్తకం వెంట తెచ్చుకున్నాడు. దాన్ని చూసే మా రాజ్యాంగం రాసుకున్నారు. చట్టం చేసేది రెండు సభలు, అమలు చేసేది ప్రెసిడెంటు, తగువొస్తే తేల్చేది కోర్టు. ఉన్న పదకొండుమందిలో సభలకి కొందరు, కోర్టుకి ఒకరు పోగా, చట్టం అమలు చెయ్యడమంటే ప్రెసిడెంటు స్పానరు పట్టుకుని బయల్దేరడమే. అప్పటికి చట్టాలు తొమ్మిది. ఇప్పుడు రెండొందల పన్నెండుమందిమి, మూడు గుమ్మటాలు, చట్టాలు నూట నలభై మూడు. స్పానరు మాత్రం ఇంకా ఒకరి చేతిలోనే ఉంది.

పాసైన బిల్లు వాడికి తీసుకెళ్ళి ఇవ్వాల్సింది నేనే. ఇచ్చేటప్పుడు సభ మనిషి నోరు తెరవకూడదని ఆనవాయితీ. సంతకం పెట్టమనీ అనకూడదు, వద్దనీ అనకూడదు, ఎవరి అధికారం వాళ్ళది. బడిలో బల్బు మారుస్తూ నిచ్చెన మీదున్నాడు. దిగొచ్చి, చేతులు తుడుచుకుని, పెదాలు కదుపుతూ మొత్తం చదివాడు. నచ్చకపోతే వీటో చెయ్యొచ్చు. ఎందుకు నచ్చలేదో రాసి సభకి తిప్పి పంపొచ్చు. ఏడేళ్ళలో ఒక్కసారి కూడా పంపలేదు. ఇవాళా పంపలేదు. సంతకం పెట్టి, "మోకాళ్ళ నొప్పులు తగ్గాయా అక్కా?" అన్నాడు. జవాబు చెప్పడానికి లేదు. కాగితం తీసుకుని వచ్చేశాను. నొప్పులు తగ్గలేదు, వాడి మొహం చూశాక ఇంకాస్త పెరిగాయి.

406వ రోజు, బుధవారం

ఇవాళ వాడి పనులన్నీ కాగితం మీద పెట్టాను. పొద్దున్నే నూకాలమ్మగారి కళ్ళలో చుక్కల మందు వెయ్యాలి, నూట పద్దెనిమిదో చట్టం. ఆవిడ పెద్ద సభ సభ్యురాలు, డెబ్బైనాలుగేళ్ళు, చేతులు వణుకుతాయి. తర్వాత బడి దీపాలు, నీళ్ళ గొట్టాలు, టమాటా పాదులకి తాళ్ళు. ఎవరింట బిడ్డ పుట్టినా ప్రెసిడెంటే వెళ్ళి బరువు చూసి బోర్డు మీద రాయాలి. పడమటి గుమ్మటంలో ఒక అత్తాకోడళ్ళున్నారు. వారానికో అరగంట వాళ్ళిద్దరి గొడవా ప్రెసిడెంటు కూర్చుని వినాలని నూట నాలుగో చట్టం. తీర్పు చెప్పనక్కర్లేదు, వింటే చాలట. ఇలాంటి చట్టం అమెరికాలో ఉందో లేదో నాకు తెలీదు.

వీళ్ళంతా వాణ్ణి బండచాకిరీకి పెట్టాలని చట్టాలు చెయ్యలేదు. వాడంటే ఇష్టం. వాడొస్తే ఇల్లు కళకళలాడుతుంది. బల్బు వంకన వస్తే ఓ గ్లాసు టీ ఇవ్వొచ్చు, కబుర్లు చెప్పుకోవచ్చు. అందుకని ఒక్కో సభ్యుడూ ఒక్కో వంక వెతికి బిల్లు పెడతాడు. ఎవరి బిల్లు వాళ్ళకి చిన్నదే.

దీన్ని మొదలుపెట్టింది మాత్రం నేనే. ఇది ఎవరికీ చెప్పలేదు, ఇక్కడే చెబుతున్నా. నాలుగేళ్ళ కిందట మరదలు భాగ్యం పోయింది. ఆ తర్వాత వాడు అన్నం మానేశాడు. నేను వండి పెడతానన్నాను, రాలేదు. పట్టుకెళ్ళి పెడితే ఆకలి లేదన్నాడు. చిన్నప్పట్నుంచీ వాడంతే, పని లేకుండా ఎవరి గడపా తొక్కడు. సరే, పని ఉంటే వెళ్తాడు కదా అనుకున్నాను. ఒక సభ్యుడి చెవిలో మెల్లిగా వేశాను. రోజుకో ఇంట్లో భోజనాల వేళకి ప్రెసిడెంటు వంటగది తనిఖీ చేసి, ఉప్పు సరిపోయిందో లేదో రుచి చూసి చెప్పాలని ముప్పై ఒకటో చట్టం వచ్చింది. మొదటిరోజు వెళ్ళాడు, ఉప్పు చూశాడు, రెండోసారి కూడా వడ్డించుకున్నాడని తెలిసి ఇంట్లో కూర్చుని సంతోషంతో ఏడ్చాను. ఆ దారి చూసి ఊరంతా నేర్చుకుంది. ముప్పై ఒకటి కాస్తా నూట నలభై మూడయ్యాయి. నా నోరు పడిపోను.

409వ రోజు, శనివారం

ఇవాళ తమ్ముడు పడిపోయాడు.

పలకలు తుడిచి బయటికీ లోపలికీ మధ్యనుండే తూర్పు గుమ్మటం గాలి గదిలోకి వచ్చాడు. బయటి సూటు టోపీ విప్పుకోలేక గోడకి చేరబడి కూర్చుండిపోయాడట. గాజు అద్దంలోంచి చూసినవాళ్ళు సేద తీరుతున్నాడనుకున్నారు. పావుగంటైనా లేవకపోయేసరికి డాక్టరు నసీమాని పిలిచారు.

నేను వెళ్ళేసరికి మంచం మీదున్నాడు. పెదాలు నల్లబడ్డాయి. నన్ను చూసి నవ్వబోయాడు, వెధవ. నాకు వేరే దిక్కెవరున్నారు? మా అమ్మ నా జాతకంలో కుజ దోషముందని, అందుకే సంబంధాలు కుదరడంలేదని ఏడ్చి ఏడ్చి పోయింది. ఇప్పుడు కుజుడి మీదే కాపురమాయె. ఆ కాపురంలో నాదంటూ ఉన్నది వీడొక్కడే.

డాక్టరమ్మ దాపరికం లేకుండా మా ఇద్దరి ముందే చెప్పింది. గుండె అలిసిపోయింది. నిచ్చెనలూ బయట పనులూ మానేసి, రోజుకి మూడు నాలుగు గంటలు నెమ్మదిగా తిరిగితే చాలాకాలం ఉంటాడు. ఇప్పట్లాగే చేస్తే ఏడాది తిరగదు. వాడు తలూపి, మంగళవారం పలకల దగ్గరికి వెళ్ళొచ్చా అని అడిగాడు. ఆవిడ చీటీ మీద రాసుకుంటున్న కలం కింద పెట్టి నావైపు చూసింది. నేను గోడవైపు చూశాను.

రాజీనామా చెయ్యరా అన్నాను. చెయ్యనన్నాడు. ఉపాధ్యక్షుడు చిట్టిబాబు చేతికి పదవి వస్తుందిగా అన్నాను. చిట్టిబాబు పని పెద్ద సభలో పై కుర్చీలో కూర్చోవడం, ఓట్లు సరిసమానమైతే తను ఒకటి వెయ్యడం. సమానమైంది ఎన్నడూ లేదు గనక ఆ కుర్చీలోనే కునుకు తీస్తుంటాడు. "పాపం, వాడికి నిచ్చెనంటే భయమక్కా" అన్నాడు తమ్ముడు.

411వ రోజు, సోమవారం

పొద్దున్నే జడ్జి ఎలీసమ్మగారి దగ్గరికెళ్ళాను. అన్ని పనులూ ప్రెసిడెంటు సొంత చేతుల్తో చెయ్యాలని రాజ్యాంగంలో ఎక్కడా లేదు, అది వట్టి ఆనవాయితీ. ఆ మాట కోర్టు ఒక్కసారి అనేస్తే తీరిపోతుందని నా ఆశ.

ఆవిడ కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, మెత్తగా చెప్పింది. కోర్టు తనంతట తాను నోరు తెరవదట. తనకి నష్టం జరిగిందని ఎవరైనా దావా వేస్తేనే ఆవిడ రాజ్యాంగం తెరిచి చూడగలదు. నష్టం ఎవరికి జరుగుతోంది? తమ్ముడికి. తమ్ముడొచ్చి దావా వెయ్యాలి. వాడు వేస్తాడా? నేను వేస్తానంటే, నాకు నష్టమేమిటో చూపించమంది. మా తమ్ముడు చచ్చిపోతాడమ్మా అన్నాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "ఆ మాటకి నా దగ్గర తీర్పు లేదు మాణిక్యం. చట్టాలు చేసినవాళ్ళ దగ్గరికి వెళ్ళు, తియ్యగలిగేది వాళ్ళే" అంది.

కోర్టు గుమ్మం దిగుతూ తిట్టుకున్నాను గాని, ఆవిడన్నది నిజమే.

413వ రోజు, బుధవారం

చిన్న సభలో పదిహేనుమంది, పెద్ద సభలో గుమ్మటానికి ఇద్దరు చొప్పున ఆరుగురు. రెండ్రోజుల్లో అందరిళ్ళూ తిరిగాను. కార్యదర్శి సభ్యులతో మాట్లాడ్డానికి అడ్డేమీ లేదు, మేమంతా ఒక గూటివాళ్ళమే. అందరూ అయ్యయ్యో అన్నారు. అందరూ చట్టాలు తగ్గించాల్సిందే అన్నారు. ఏ చట్టం తీసేద్దామంటే మాత్రం పక్కవాడిది చూపించారు. టమాటా ఆయన బల్బుల చట్టం దండగన్నాడు, బల్బులావిడ ప్రెసిడెంటుకి టమాటాలతో పనేమిటంది.

చివరికి పైడిరాజు ఇంటికెళ్ళాను. పలకల బిల్లు పెట్టింది వాడే. ముప్పై నాలుగేళ్ళవాడు, నడి గుమ్మటం నుంచి మొదటిసారి గెలిచాడు. నాలుగు కడిగేద్దామనే వెళ్ళాను. వాడు తలుపు తీసిన తీరు చూస్తే నా కోపం దిగిపోయింది. తమ్ముడు పడిపోయినప్పట్నుంచీ సరిగ్గా తిండి లేదని వాళ్ళావిడ చెప్పింది. ఆ మనిషిని నేనే చంపబోయానండీ అని తల పట్టుకున్నాడు. ఏడిస్తే పలకలు శుభ్రం కావు, బిల్లు రాయమన్నాను.

ఇద్దరం కూర్చుని రాశాం. ప్రెసిడెంటుకి చాకిరీ అప్పజెప్పిన నూటపదహారు చట్టాలూ ఒక్క దెబ్బకి రద్దు. ఊరి పనులకి నాలుగు శాఖలు, ఒక్కోదానికి ఒక అధిపతి, కింద పదేసిమంది వంతులవారీగా. అధిపతుల్ని ప్రెసిడెంటు ఎంచుకుంటాడు, పెద్ద సభ ఒప్పుకోవాలి. పనులు జరుగుతున్నాయో లేదో చూసుకోవడమే ప్రెసిడెంటు పని. ఎవరింట్లో బల్బు వాళ్ళే మార్చుకోవాలి. ఆ పాఠ్యపుస్తకంలో అమెరికావాళ్ళు చేసుకున్నది కూడా ఇదే. మనం ఇన్నేళ్ళూ ఆ పేజీ తిప్పలేదు.

418వ రోజు, సోమవారం

రెండు సభల్లోనూ పాసయింది. ఎవరికి వాళ్ళు పోనిద్దురూ అనుకుంటూ చెయ్యెత్తారు. మధ్యాహ్నం కాగితం తీసుకుని తమ్ముడి దగ్గరికి వెళ్ళాను.

డాక్టరమ్మ మాటకి కట్టుబడి నిచ్చెన ఎక్కడం లేదు గాని, పడమటి గుమ్మటంలో అత్తాకోడళ్ళ మధ్య ముక్కాలిపీట మీద కూర్చుని వింటున్నాడు. కాగితం అందుకున్నాడు. పెదాలు కదుపుతూ చదివాడు. రెండోసారి మళ్ళీ మొదట్నుంచీ చదివాడు. సంతకం పెట్టలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. మోకాళ్ళ సంగతి కూడా అడగలేదు.

వాడికి పది రోజుల గడువుంది, ఆదివారాలు లెక్కలోకి రావు. ఈలోగా సంతకం పెడితే చట్టం. ఏమీ చెయ్యకుండా ఊరుకున్నా, సభ నడుస్తున్నంతకాలం, గడువు దాటగానే దానంతటదే చట్టమైపోతుంది. మౌనంగా ఊరుకోవడం వాడికి చిన్నప్పట్నుంచీ అలవాటే. ఊరుకుంటే చాలు.

423వ రోజు, శనివారం

అయిదు రోజులైంది. బిల్లు వాడి జేబులో ఉన్నంతకాలం ఆ విషయం నేను ఎత్తకూడదు. వాడి ముందుకెళ్తే వేరే విషయం నోటికి రాదు. అందుకని వెళ్ళడమే మానేశాను. ఒకే ఊళ్ళో అక్కాతమ్ముళ్ళం, నడవలో ఎదురుపడితే ఒకరికొకరు దారిస్తున్నాం.

పలకల దగ్గరికి పైడిరాజు వెళ్తున్నాడు. రెండో గంటకే నడుం పట్టేసిందట, ఈ పని ఆయనెలా చేశాడండీ అని నన్నడిగాడు. నూకాలమ్మగారి చుక్కలు మాత్రం ఇంకా తమ్ముడే వేస్తున్నాడు. పొద్దున్నే ఠంచనుగా వెళ్తున్నాడట. మామూలుకంటే ఎక్కువసేపే కూర్చుంటున్నాడట.

429వ రోజు, శుక్రవారం

ఇవాళ పదో రోజు. పొద్దున్నుంచీ సభ గడియారం కేసి చూస్తూనే ఉన్నాను. సాయంత్రం ఆరింటికి గడువు. అయిదున్నరయింది, ఎవరూ రాలేదు. అమ్మయ్య అనుకుని పుస్తకాలు సర్దుకుంటున్నాను.

అయిదూ నలభైకి తలుపు దగ్గర తమ్ముడు. సంతకానికైతే వాడు రానక్కర్లేదు, నేనే వెళ్ళి తెచ్చుకుంటాను. బిల్లు తిప్పి పంపేటప్పుడే ప్రెసిడెంటు సభకి రావాలి. బిల్లూ, దానికి గుచ్చిన ఇంకో కాగితమూ నా బల్ల మీద పెట్టాడు. మాట్లాడలేదు. ఆనవాయితీ కదా, నేనూ మాట్లాడలేదు. వాడు వెళ్ళాక కూర్చుని చదివాను. ఎర్రమెరకలో వీటో ఇదే మొదటిది.

430వ రోజు, శనివారం

వీటో చేసిన బిల్లు మొదట పుట్టిన సభకే తిరిగొస్తుంది. ప్రెసిడెంటు అభ్యంతరాలు పూర్తిగా పుస్తకంలోకి ఎక్కించాలి. చిన్న సభలో వాటిని పైకి చదవాల్సింది కార్యదర్శి. అంటే నేను. చదివాను. ఇక్కడ కూడా రాసుకుంటున్నాను.

"సభవారికి. మీరు నా మంచికే చేశారని నాకు తెలుసు. బిల్లులో తప్పేమీ లేదు. పనులు అందరూ పంచుకుంటే ఊరికి మంచిది. నా అభ్యంతరం ఊరి గురించి కాదు, నా గురించి. భాగ్యం పోయాక నేను ఎవరి తలుపు కొట్టినా చట్టం ఉంది గనకే కొట్టాను. బల్బు మార్చాలి, ఉప్పు చూడాలి అని చెప్పి లోపలికి వచ్చాను. మీరు కూర్చోమన్నారు, కూర్చున్నాను. ఆ చట్టాలు తీసేస్తే ఏమని చెప్పి రావాలో నాకు తెలీదు. గుండె సంగతి డాక్టరమ్మ చెప్పింది. ఆ ఇంట్లో ఒక్కణ్ణీ కూర్చుని ఎక్కువకాలం బతికేకంటే, మీ ఇళ్ళ మధ్య తిరుగుతూ కొద్దికాలం బతకడమే నాకిష్టం. కాదనే హక్కు రాజ్యాంగం నాకిచ్చింది. ఇన్నేళ్ళూ వాడుకోలేదు. ఇప్పుడు వాడుకుంటున్నాను."

నాలుగేళ్ళు వాడి ఆకలే చూశాను. వాడు అన్నం కోసం కాదు, తలుపు కోసం వెళ్ళాడని నాకు తట్టలేదు. తోడబుట్టినదాన్ని, నాకే తట్టలేదు.

వీటోని దాటి బిల్లు నెగ్గాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండొంతులు కావాలి. ఇలాంటప్పుడు చెయ్యెత్తితే చాలదు. ఒక్కొక్కరి పేరూ పిలవాలి, అవునో కాదో పైకి చెప్పాలి, పేరు పక్కన రాయాలి. ఆ కాగితం విన్నాక ప్రెసిడెంటుకి ఎదురుగా తన పేరు రాయించుకోవడం ఎవరికి బాగుంటుంది? పైడిరాజు అవునన్నాడు, తల వంచుకుని. బల్బులావిడ ఏడుస్తూ కాదంది. చిన్న సభలో పదిహేనుమందికి పదిమంది కావాలి. సరిగ్గా పదిమంది అయ్యారు.

మధ్యాహ్నం పెద్ద సభ. అక్కడా ఆ కాగితం మళ్ళీ చదివాను. ఆరుగురిలో నలుగురు కావాలి. అయిదుగుర్ని పిలిచేసరికి అవును మూడు, కాదు రెండు. మిగిలింది నూకాలమ్మగారు. పై కుర్చీలో చిట్టిబాబు కూడా మేలుకుని కూర్చున్నాడు. ఆవిడ కాదంటుందనే అందరం అనుకున్నాం. ఈ ఊళ్ళో తమ్ముడు రోజూ తప్పకుండా వెళ్ళే గడప ఆవిడదొక్కటే.

ఆవిడ కుర్చీ చెయ్యి పట్టుకుని లేచింది. "ఆ బాబు రాకపోతే నాకు పొద్దు గడవదు" అంది. "రెండు చుక్కలేసి, రెండు మాటలు చెప్పి పోతాడు. ఆ రెండు మాటల కోసం ఆణ్ణి చంపుకోలేను. అవుననే రాసుకో మాణిక్యం."

రాశాను.

431వ రోజు, ఆదివారం

బిల్లు ఇప్పుడు చట్టం, ప్రెసిడెంటు సంతకంతో పనిలేదు. వాడితో మాట్లాడ్డానికి నాకూ అడ్డులేదు. పొద్దున్నే వెళ్ళాను. ఎవరెవరు అవునన్నారో అప్పటికే తెలిసిపోయింది వాడికి. నూకాలమ్మగారి పేరు విన్నప్పుడు మాత్రం మళ్ళీ ఓసారి చెప్పమన్నాడట, ఆ కబురు చెప్పిన మనిషి నాతో అన్నాడు.

చట్టం రాసింది పైడిరాజూ నేనూ అని నేనే చెప్పేశాను. ఉప్పు చట్టం సంగతి కూడా చెప్పేశాను. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. చేతిలో స్పానరుని గుడ్డతో తుడుస్తూనే ఉన్నాడు.

"రేపు పొద్దున నేనెక్కడికెళ్ళాలక్కా?" అన్నాడు.

"ఎక్కడికైనా వెళ్ళు. ఎవరింటికైనా వెళ్ళు. ఊరికే వెళ్ళు" అన్నాను.

"ఊరికే ఎలా వెళ్తారు?"

వెటకారం కాదు. నిజంగానే అడిగాడు. అరవయ్యొక్కేళ్ళొచ్చాయి నాకు. నేను మాత్రం ఎవరింటికి ఊరికే వెళ్ళాను గనక? ఏ ఇంటికెళ్ళినా చేతిలో కాగితమే. మా అమ్మ పెంపకం అలాంటిది కాబోలు. మా ఇంటికి రారా, రేపు వంకాయ కూర చేస్తానన్నాను. వస్తాలే అన్నాడు. వచ్చే మొహం కాదది.

434వ రోజు, బుధవారం

సోమవారం పదినిమిషాల్లో నాలుగు శాఖలకీ నాలుగు పేర్లు రాసి పంపాడు. పెద్ద సభ అందర్నీ ఒప్పుకుంది. దాంతో వాడి పని అయిపోయింది. మూడ్రోజులుగా గడప దాటలేదు. వంకాయ కూర పట్టుకెళ్ళాను. నాలుగు ముద్దలు తిన్నాడు. డాక్టరమ్మ చూసి గుండె కొంచెం కుదుటపడిందంది. మనిషి మాత్రం కుదుటపడలేదని నాకు కనిపిస్తూనే ఉంది.

ఊరికి కూడా ఏం చెయ్యాలో తోచడంలేదు. అందరికీ సిగ్గు. ఆయనకి వ్యతిరేకంగా ఓటేసి ఏ మొహంతో వెళ్తామంటారు. కాదన్నవాళ్ళు కూడా వెళ్ళలేదు, ఆయన విశ్రాంతి చెడగొట్టకూడదట. రెండొందల పన్నెండుమంది ఒక మనిషిని ఇంత ఇష్టపడి, ఒక్కరూ తలుపు తట్టరు. పొరపాటు చేశానా అని భయం పట్టుకుంది. గుండె ఆగిపోకుండా చూశాను సరే, అది దేనికోసం కొట్టుకోవాలో చూడలేదు.

437వ రోజు, శనివారం

ఇవాళ పొద్దున తొమ్మిదింటికి తమ్ముడింటికి వెళ్తుంటే, వాడు బయటికి రావడం కనిపించింది. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. చేతిలో స్పానరు లేదు, సంచీ లేదు. ఆ చేతులేం చేసుకోవాలో తెలీనట్టు ముందుకోసారి, వెనక్కోసారి పెట్టుకున్నాడు. పిలవబోయి ఆగిపోయాను. నీళ్ళ ట్యాంకు మలుపులో నిలబడి చూశాను. అక్కని గనక చూశాను, ఎవరేమనుకున్నా సరే.

నడి గుమ్మటం నడవలో మొదటి తలుపు ముందు ఆగాడు. చెయ్యెత్తాడు, దించేశాడు. ముందుకెళ్ళాడు. రెండో తలుపు దగ్గర కూడా అంతే. వెనక్కి తిరిగాడు. ఇంక ఇంటికెళ్ళిపోతాడు, అయిపోయింది అనుకున్నాను. నాలుగడుగులు వేసి మళ్ళీ తిరిగాడు. మూడో తలుపు దగ్గరికెళ్ళి, ఈసారి ఆలోచించే వ్యవధి తనకి తాను ఇచ్చుకోకుండా కొట్టేశాడు. అది పైడిరాజు తలుపు.

పైడిరాజు తీశాడు. వాడి మొహం తెల్లబోయింది. పోట్లాడ్డానికి వచ్చాడనుకున్నాడు పాపం. "ఏమైనా పనా అండీ? శాఖలో ఏమైనా…" అంటున్నాడు.

తమ్ముడు గొంతు సవరించుకున్నాడు.

"పనేం లేదు. చట్టమూ లేదు. ఊరికే వచ్చాను" అన్నాడు.

పైడిరాజు లోపలికి తిరిగి వాళ్ళావిణ్ణి కేకేశాడు. "ఏమేవ్, ప్రెసిడెంటుగారు ఊరికే వచ్చారు" అన్నాడు, ఆ గొంతు నడవ చివరిదాకా వినిపించింది. పక్కిళ్ళ తలుపులు రెండు తెరుచుకున్నాయి. పైడిరాజు పక్కకి జరిగాడు. తమ్ముడు గడప దగ్గర చెప్పులు విడిచి లోపలికెళ్ళాడు.

గంటన్నర దాకా బయటికి రాలేదు. ట్యాంకు పక్కన నిలబడి నిలబడి నా మోకాళ్ళు పట్టేశాయి.